పొట్లకాయకు కట్టిన నట్టు

న్యూ టౌన్‌లో నా ఫ్లాట్‌కి వంటింటి అరలు బిగించడానికి వచ్చిన మిస్త్రీ బాపీ, మేకుల కోసం నా పాత రేకు డబ్బా తిరగేస్తూ ఒక ఇనప నట్టు బైటికి తీశాడు. గుప్పిట మూస్తే పట్టనంత లావు, ఆరు పలకలు, తుప్పు పట్టి ఇటుక రంగుకి తిరిగిన నట్టు. "మాసిమా, ఏటా కిసేర్ నట్?" అని అడిగాడు, ఇది దేని నట్టని. అడిగి ఊరుకోలేదు. తన సంచిలో ఉన్న బోల్టులన్నీ ఒక్కొక్కటే దాని ముందు నిలబెట్టి చూశాడు. పెళ్లిచూపుల్లో మా రెండో మేనత్తలాగే అది ఏ సంబంధానికీ ఒప్పుకోలేదు. "అది పొట్లకాయది బాపీ" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, నట్టుని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, అరల పనిలో పడ్డాడు. నాలా జీవితమంతా మట్టినీ ఎరువునీ విత్తనాన్నీ పరిశోధించిన మనిషి బుర్రలో చివరికి ఏది వదులవుతుందో అతనికి అప్పుడే అర్థమైపోయినట్టుంది. నట్టు అలా నట్టింట్లోకి వచ్చి కూర్చున్నాక, అరలు వంకరగా బిగిస్తున్నాడో తిన్నగా బిగిస్తున్నాడో నేను మళ్లీ చూడలేదు.

మేం పెరిగింది సంత్రాగాఛి యార్డు పక్కన రైల్వే క్వార్టర్సులో. నాన్న వేగన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు, అక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. అమ్మ చిన్నపిల్లల బడిలో టీచరు. నాన్నని కన్న మామ్మ మాతోనే ఉండేది. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు గానీ, వచ్చేటప్పుడు భాషని మూటగట్టుకుని వచ్చి, ఎన్నేళ్లున్నా ఆ మూట ముడి విప్పకుండా అలాగే వాడుకుంది. మా వెనక గుమ్మం నుంచి యార్డు గోడ దాకా ఒక పొడుగాటి మట్టి పట్టీ ఉండేది, పరిచిన చాపంత వెడల్పు. అందులో మామ్మ గోంగూర, బచ్చలి, వంగ, దొండ పెంచేది. గోడకి ఆనించి వేసిన వెదురు పందిరి మీద పొట్ల పాదు. తెల్లవారితే యార్డులోంచి బొగ్గు పొగ, వంటింట్లోంచి చోడి అంబలి, వెనక గుమ్మంలోంచి చేప కడుగు, ఈ మూడు వాసనలూ నడవాలో కలుసుకుని ఎవరు ముందు అన్నట్టు పోటీ పడేవి. ఎప్పుడూ చేప కడుగే గెలిచేది.

ఆ కడుగు మాది కాదు. మేం చేపలు కొనేది ఆదివారాలే. పొద్దుట బజారు నుంచి మగవాళ్లు సంచులతో తిరిగొచ్చే వేళకి మామ్మ రేకు బకెట్టు పట్టుకుని బెంగాలీల గుమ్మాల ముందు తయారయ్యేది. "బౌమా, మాఛేర్ జల్ ఫేలో నా!" అని కేక వేసేది, చేప కడిగిన నీళ్లు పారబోయకే అని. ఆవిడకి వచ్చిన బెంగాలీ అంతా ఆ బకెట్లో పట్టేది. కత్తిపీట ముందు కూర్చున్న పక్కింటి బెంగాలీ పిన్ని కాకిమా "మాసిమా, ఆజ్ ఇలిష్!" అని, ఇవాళ పులస అని పిలిస్తే మామ్మ మొహం దీపంలా వెలిగేది. ఇలిష్ ముక్కలు వాళ్లకి, ఇలిష్ నీళ్లు మాకు. ఆ పంపకంలో తనకేదో తక్కువైందని మామ్మ ఎన్నడూ అనుకోలేదు. "ఈ నీలు తాగితే నా పాదు నీకంటే బాగా సదూతాది, సూడు" అనేది నాతో. నా లెక్కల మార్కులు చూస్తే పాదుకి అదేమంత కష్టం కాదు.

నాన్న మాత్రం ఆ మట్టి పట్టీలో కాలు పెట్టేవాడు కాదు. డ్యూటీ నుంచి మోచేతుల దాకా గ్రీజుతో వచ్చి, నూతి దగ్గర ముందు కిరసనాయిలుతో, తరవాత సబ్బుతో, చివరికి పాత పళ్ల బ్రష్షుతో గోళ్లు ఒక్కొక్కటీ తోముకునేవాడు. మామ్మ బచ్చలి కోసి చేతికివ్వబోతే కాడలకి మట్టి ఉందేమో చూసి అందుకునేవాడు. "ఒళ్లంతా గ్రీజు పూసుకొచ్చినోడికి ఇంత మట్టికి అసయ్యమేటిరా?" అని మామ్మ అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "గ్రీజు కడిగితే పోద్దమ్మా. మట్టి పోదు." ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. మా తాత ఊళ్లో ఒక కామందు దగ్గర పాలేరు. మామ్మ ఆ పొలాల్లోనే నాట్లు వేసింది, కలుపు తీసింది, కోసింది. కాళ్లకున్న మట్టిని బట్టి మనిషిని ఏ గుమ్మం దగ్గర ఆపాలో నిర్ణయించే ఊరది. నాన్న మీసాలు రాకముందే రైల్వే పనులకి మనుషుల్ని తీసుకెళ్లే మేస్త్రీ వెంట బయల్దేరి వచ్చేశాడు. ఆయన దృష్టిలో మా వంశం మట్టి నుంచి ఇనుములోకి ప్రమోషన్ అయింది. వెనక్కి రివర్సు గేరు లేదు.

ఇక నట్టు సంగతి. పొట్లకాయ పిందెగా ఉన్నప్పుడే చివర బరువు కట్టకపోతే మెలికలు తిరిగిపోతుంది. అందరూ రాయి కడతారు. మామ్మ పట్టాల పక్క కంకరలో దొరికిన నట్లు కట్టేది, రాయైతే దారంలోంచి జారిపోతుంది, నట్టుకి బొక్క ఉంటుంది కదా అని. మొదటిసారి నాన్న చూసి హడలిపోయాడు. పొరపాటున షెడ్డు పెన్సిలు జేబులో ఇంటికొస్తే మర్నాడు పట్టుకెళ్లి ఇచ్చేసే మనిషాయన.

"అమ్మా, ఇది రైల్వే ఆస్తి! ఎక్కడ తీశావో అక్కడ పెట్టేసి రా."

"నానేటి ఊడబీకానేటిరా? రైలుకి అక్కర్లేకే కదా రాల్చుకున్నాది! చెట్టు రాల్చిన కాయ ఏరుకుంటే దొంగతనవా?"

నాన్న ఆ నట్టుని షెడ్డుకి తీసుకెళ్లి పై అధికారికి చూపించి, ఎందుకూ పనికిరాదని ఆయన నోటితో చెప్పించుకుని, మళ్లీ తెచ్చి మామ్మకిచ్చాడు. అప్పటి నుంచి మా పొట్లకాయలు చట్టబద్ధంగా వేలాడాయి.

వానలు వెనక్కి తగ్గాక మా సంఘంలో కోత పండగ జరిగేది. సొంతూళ్లలో అయితే ధాన్యం కంకులూ గుమ్మడికాయలూ మోసుకొస్తారు. సంత్రాగాఛిలో పొలాలెవరికున్నాయి? అయినా పండగ మానలేదు. ఒకరు డబ్బాలో పెంచిన మిరపకాయలు, ఒకరు కోడిగుడ్లు, పందిరి ఉన్నవాళ్లు ఆనపకాయలు, ఏమీ లేనివాళ్లు వండిన బూరెలు తెచ్చి గుడిలో ముందు బల్ల మీద పెట్టేవారు. ఆరాధన అయ్యాక వాటన్నిటికీ వేలం పాట. పాట సొమ్ము సంఘానికి, నవ్వులు అందరికీ. ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఆ ఏడు కాసినవాటిలో అన్నిటికంటే పొడుగాటి, తిన్నని, మచ్చ లేని పొట్లకాయ దేవుడిది. దాన్ని పిందెగా ఉన్నప్పుడే మామ్మ గుర్తుపట్టి, "ఇది అయ్యది" అని చూపుడువేలు చూపించేది. ఇక దాని వైపు ఆకలితో చూడటం కూడా తప్పే. గుడిలో బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకున్న మా పొట్లకాయ నా చిన్నతనంలో ఒక వింత. పిల్లలం దాన్ని తాకడానికి భయపడేవాళ్లం.

అదంతా నా చిన్నతనంలో. నేను ఎదుగుతున్నకొద్దీ మా పొట్లకాయ తగ్గుతూ వచ్చింది. మొదట నేను పొడుగవుతున్నాను కాబట్టి అలా అనిపిస్తోందనుకున్నాను. కానీ బల్ల పెరగలేదు కదా. ఒక ఏడు బల్ల అంచుకి రాలేదు. ఇంకో ఏడు గుమ్మడికాయ చాటుకి పడుకుంటే కనపడలేదు. గుడి మెట్ల మీద నాన్నతో పనిచేసే ఒకాయన, "పెద్దగారూ, మీ పాము ముసిల్దైపోయిందండి. వచ్చే ఏడు వానపావుని తెత్తారేటి?" అన్నాడు. నాన్న నవ్వాడు. మామ్మ నవ్వలేదు. ఇంటికొచ్చి పెద్ద నట్టు కోసం వెతికింది. కాయ పొట్టిదవుతున్నకొద్దీ ఆవిడ కట్టే నట్టు లావవుతూ వచ్చింది. లాగితే సాగుతుందని ఆవిడ నమ్మకం. బరువుకి పిందెలు కొన్ని తొడిమ దగ్గరే తెగి పడ్డాయి. బాపీ చేతికి దొరికింది ఆ వరసలో ఆఖరిది, అన్నిటికంటే లావుది.

నా స్కూలు చదువు ఆఖరికొచ్చిన ఏడాది. జీవశాస్త్రం పాఠంలో లక్షణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి ఎలా దిగుతాయో చదివిన సాయంత్రం, గుమ్మంలో కూర్చుని మామ్మ తల దువ్వుతూ అడిగాను.

"మామ్మా, ఏటేటా విత్తనం దేన్లోంచి తీస్తున్నావ్?"

"దేన్లోంచేటి? ఆకర్ని మిగిల్తాది కదా ఒగటి, పీలగా. దాన్నే పాదు మీద ఎండనిస్తాను."

"మంచిది ఎందుకుంచవు?"

మామ్మ తల తిప్పి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మంచిది మన కాడ ఎందుకుంటాదే గుంటా?"

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఇన్నాళ్లూ మేం మంచి కాయని దేవుడికిచ్చి, దాని తరవాతివి కూర వండుకుని, ఏ పనికీ రాని గిడసబారిన కాయని విత్తనానికి ఉంచుకున్నాం. ఆ విత్తనం నుంచి వచ్చినవాటిలో మళ్లీ మంచిది ఇచ్చేశాం. ఏటేటా పీలకాయల్ని ఏరి ఏరి ఒక వంశాన్ని తయారుచేసుకున్నాం, ఎంతో భక్తిగా. పొలాల్లోనే పుట్టి పెరిగిన మనిషికి ఇది తెలియదా అని నాకు ఆశ్చర్యం. అడిగితే మామ్మ మామూలుగా చెప్పింది. "ఇత్తనం మా పనేటి? ఇత్తనాలు కామందు ఇంట్లో, పైన అటక మీద ఉండేవి. ఆలు తీసిచ్చేవోరు, మేం జల్లీవోలం. కోసాక మంచి గింజ ఆలింటికెల్లీది. అటకెక్కి నానెప్పుడు సూసాను?" జల్లడం, నాటడం, కలుపు తీయడం, కోయడం, ఆవిడ చేతులకి అన్నీ వచ్చు. విత్తనం ఎంచడం ఒక్కటే రాదు, ఎందుకంటే ఆ పని చేసే అటక మీదకి ఆవిడని ఎవరూ ఎక్కనివ్వలేదు. మంచిది ఇల్లు దాటి వెళ్లిపోవడమే ఆవిడకి తెలిసిన వ్యవసాయం. కామందు బదులు దేవుడికి వెళ్తోందన్నదే సంత్రాగాఛి వచ్చాక ఆవిడకి దక్కిన గొప్ప మార్పు.

వ్యవసాయం చదవాలని నాకు పట్టుకున్నది ఆ సాయంత్రమే. సరిగ్గా అప్పుడే నాన్న నన్ను నర్సు ట్రైనింగుకి పంపాలని నిశ్చయించుకున్నాడు. కోత పండగ అవగానే హాస్పిటలు మేట్రనమ్మ దగ్గరికి తీసుకెళ్తానని మాటిచ్చి వచ్చాడు. మా వాళ్లలో చాలామంది ఆడపిల్లలు అలా తెల్లబట్టలు వేసుకుని గౌరవంగా బతికారు, ఆ పనిని నేనిప్పటికీ తక్కువ చేయను. కానీ నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. రోగికి సూది వేయాల్సిన నర్సుకి ముందు రోగి మంచినీళ్లివ్వాల్సి వస్తుంది. భోజనాల దగ్గర మెల్లగా కదిపాను.

"నాన్నా, అగ్రికల్చర్ చదువుతాను."

నాన్న కంచంలో చెయ్యి ఆపాడు. "అంటే?"

"వ్యవసాయం."

"వ్యవసాయం చదవాలా?" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు, అదే భయం వేసింది. "మీ మామ్మ చదివిందది. మీ తాత చదివాడు. వీపు మీద చదివించారు. మళ్లీ మట్టి పిసుక్కోడానికేటమ్మా మనం ఇంత దూరం వచ్చింది?" లేచి చెయ్యి కడుక్కుని, ఆ రాత్రికి గోళ్లు ఇంకోసారి తోముకున్నాడు. అమ్మ కంచాలు తీసింది. మామ్మ కూడా కొడుకు వైపే. "నరసమ్మైతే కుర్సీ ఏస్తారే. సేలో నీకు కుర్సీ ఎవడేత్తాడు?" అంది. వాదనలో ఇద్దరూ గెలిచారు, అందువల్ల నాకిక ప్రయోగం తప్ప దారి లేకపోయింది.

ఆ ఏడు పాదు మీద పీలకాయల మధ్య ఒక్క కాయ మాత్రం గొప్పగా వచ్చింది, ఏ నాటిదో పాత రక్తం మేలుకున్నట్టు. పొడుగ్గా, తిన్నగా, తెల్లచారలతో పందిరి నుంచి దాదాపు నేల దాకా దిగింది. కిందటేడు కాకిమా గోడ అవతలి పాదు పుప్పొడి ఏ రాత్రి పురుగు మోసుకొచ్చిందో ఏమో. పొట్ల పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుంటుంది, కాబట్టి పొట్లకాయ తండ్రి ఎవరన్నది మర్యాదస్తులు అడగకూడని ప్రశ్న. మామ్మ దానికి తన లావు నట్టు కట్టి, వేలెత్తి "ఇది అయ్యది" అంది. నేను వంటింట్లోకి వెళ్లాను. షెడ్డులో చిరిగిపోతే నాన్న పై అధికారిని అడిగి మరీ తెచ్చిన ఎర్రజెండా గుడ్డ ఒకటి అమ్మ మసిగుడ్డగా వాడేది. అందులోంచి ఒక పేలిక చింపి కాయ తొడిమకి కట్టాను. అమ్మ చూసింది. చూసి, వేరే మసిగుడ్డ వెతుక్కుంది. మా ఇంట్లో నా పరిశోధనకి దొరికిన మొదటి ఆర్థిక సహాయం అదే.

పండగ పొద్దున్న మామ్మ కొత్త చీర కట్టుకుని, కొడవలి పట్టుకుని పందిరి కిందకి వెళ్లింది. వెనకే నేను.

"ఒలే, ఈ గుడ్డేటి? తియ్యి."

"తియ్యను మామ్మా. ఈ కాయ కొయ్యకు. విత్తనానికుంచు."

"దేవుడి కాయకి అడ్డం పడతావేటే! బుర్ర తిరిగిందా?"

"ఇంకే కాయైనా తీసుకెళ్లు. ఇది వద్దు."

ఆ కేకలకి గోడ అవతల కాకిమా "కీ హోలో గో?" అని, ఏమైందంటూ స్టూలెక్కింది. నాన్న తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనక గుమ్మంలోకి వచ్చాడు. "సూడరా నీ కూతురు! అయ్య కాయకి దిష్టిగుడ్డ కట్టింది!" అని మామ్మ ఫిర్యాదు. నాన్న పందిరి వైపు చూశాడు. ఎర్ర పేలిక చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

ఎందుకాగాడో చెప్పాలి. వేగను కిందకి మనిషి దూరి పనిచేస్తున్నప్పుడు రెండు చివర్లా ఎర్రజెండా పాతుతారు. ఆ జెండా ఉన్నంతసేపు దాన్ని ఎవరూ కదపకూడదు, ఎంతటి ఆఫీసరైనా. జెండా తీసే హక్కు పెట్టినవాడిది ఒక్కడిదే, ఎందుకంటే కింద ఎవరున్నారో అతనికే తెలుసు. తొందరపడి ఇంకొకరి జెండా తీసినవాళ్ల కథలు మా క్వార్టర్సులో గొంతు తగ్గించి చెప్పుకునేవారు. నాన్న తన సర్వీసంతా ఆ జెండా నీడలో బతికిన మనిషి. అలవాటు కొద్దీ, షెడ్డులో అడిగినట్టే అడిగాడు.

"జెండా ఎవరిది?"

"నాది నాన్నా."

"కింద ఎవరున్నారు?"

జవాబు నేను ముందుగా అనుకున్నది కాదు. నోటికి వచ్చేసింది. "వచ్చే ఏటి కాయలున్నాయి నాన్నా. లోపల." ఇక ఆగలేదు. మంచి కాయ ఏటేటా వెళ్లిపోవడం, మిగిలినదాన్నే విత్తుకోవడం, మిగిలినదాని పిల్లలే మళ్లీ మనకి రావడం, మామ్మ ఎన్నడూ ఎక్కని అటక, అన్నీ గబగబా చెప్పేశాను. నాన్న గుమ్మం మెట్టు దిగాడు. ఇస్త్రీ బట్టలతో, పాలిష్ చేసిన చెప్పులతో, మొదటిసారి ఆ మట్టి పట్టీలోకి నడిచి వచ్చాడు. కాయ పక్కన నిలబడి దాన్ని తొడిమ నుంచి చివరి దాకా చూశాడు.

"మిగిలిందే తిన్నాం" అన్నాడు, మాతో కాదు. "మిగిలిందే కట్టుకున్నాం. మిగిలిందే నాటుకోడం కూడానా?" తరవాత మామ్మ వైపు తిరిగి, "కొడవలి లోపలెట్టమ్మా. జెండా దానిది. అదే తియ్యాలి" అన్నాడు.

"మరి దేవుడికేటిస్తావురా, ఆ పీలకాయలా? సంగం పెద్దవి, కాలీ సేతుల్తో ఎల్తావేటి? నవ్వరేటి?"

అది ఉత్త మాట కాదు. పేరు పిలిచినప్పుడు సంఘపెద్ద చేతులూపుకుంటూ నిలబడితే ఆ నవ్వు ఏడాదంతా వినాలి. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, వంగి, కాయ చివర కట్టిన నట్టు ముడి విప్పాడు. "ఈ బరువు తీస్తే పాదుకి మంచిదేనా?" అని నన్ను అడిగాడు. నా వృత్తిలో నన్ను సలహా అడిగిన మొదటి రైతు ఆయనే. మంచిదే అన్నాను. నట్టుని తెల్లటి చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

గుడిలో మా ఇంటి పేరు పిలిచారు. నాన్న ముందుకెళ్లి, గుమ్మడికాయకీ కోడిగుడ్లకీ మధ్య నట్టుని పెట్టాడు. ఇనుము బల్లకి తగిలి ఠంగుమంది. పాస్టరు అయ్యగారు కళ్లజోడు పైకి జరుపుకున్నారు.

"ఏటిది పెద్దగారూ?"

"మా పొట్లకాయ బరువండి. కాయ తీగ మీదున్నాది. విత్తనానికి ఉంచాం. పండాక ఇంటింటికీ విత్తనాలిస్తాను."

వెనక బెంచీల్లోంచి ఎవరో, "పెద్దగారు ఇనుం పండించారండోయ్!" అన్నారు. గుడంతా నవ్వింది. నాన్న కదల్లేదు. అయ్యగారు నవ్వు ఆగేదాకా ఉండి, "దేవుడు మొదటి కాయ అడిగాడు గానీ ఆఖరి విత్తనం అడగలేదు" అని, నట్టుని బల్ల మధ్యకి జరిపి అందరి పంటతో పాటు దానికీ ప్రార్థన చేశారు. వేలంలో దాని వంతు వచ్చినప్పుడు కుర్రాళ్లు సరదాకి పాట పెంచబోయారు. కీర్తనల్లో ఎన్నడూ శ్రుతి కలవని మామ్మ ఆ పాటలో మాత్రం ఎవరికీ అందని గొంతు ఎత్తింది: "నా నట్టు నాకొదిలేయండ్రా, మీ మొకాలు మండా!" అంతే, మిగతా గాయకులంతా కూర్చున్నారు.

తిరిగొచ్చేటప్పుడు పట్టాల పక్క దారిలో మామ్మా అమ్మా ముందు నడుస్తున్నారు. నాన్న నా పక్కన నడుస్తూ, ఎదరకి చూస్తూనే అడిగాడు. "ఆ కాలేజీకి ఏ ట్రైనెక్కాలి?"

"సియాల్దా నుంచి లోకల్ ఉంది."

"రైలుందా? అయితే మరీ దూరం కాదు." కొంచెం దూరం వెళ్లాక మళ్లీ అన్నాడు. "నీ చదువు మీద జెండా పెట్టింది నేను కదా. నేనే తియ్యాలి. తీసేశాను. కానీ ఒకటి, ఇంకొకరి పొలంలో మాత్రం పని చెయ్యకు."

అలా వెళ్లాను. ఆ కాయ తీగ మీదే ఎర్రగా పండి, అడుగున పగిలి, మామ్మ దోసిట్లోకి విత్తనాలు రాల్చింది. మరుసటి ఏడు కాయలు పొడుగొచ్చాయి. మామ్మ దాన్ని అద్భుతమంది, నేను ఎంపిక అన్నాను. ఇప్పుడు నిజం చెప్పాలంటే, పోల్చి చూడటానికి పక్కన ఇంకో పాదు లేదు, వానలు ఎలా కురిశాయో చూసుకోలేదు. ఇలాంటి ప్రయోగాన్ని నా విద్యార్థులు తెచ్చి చూపిస్తే నేను వెనక్కి పంపేస్తాను. ఒక్క పాదు, ఒక్క ఎర్ర పేలిక, వాటి మీద ఒక జీవితకాలపు ఉద్యోగం కట్టుకున్నాను. పునాది చిన్నదే గానీ, ఇల్లు నిలబడింది.

ఇల్లు నిలబడిందని ధైర్యంగానే చెబుతాను. సేంద్రియం అన్న మాట ఎత్తితే మా డిపార్ట్‌మెంటులో పెద్దలు జ్యోతిషం అడిగినట్టు చూసే రోజుల్లో నేను చేప కడుగుని పరీక్షనాళికల్లోకి పోశాను. ఆ వాసనకి నా లేబు ఉన్న నడవాలోకి ఎవరూ వచ్చేవారు కాదు, అందువల్ల పని చాలా శ్రద్ధగా సాగింది. మామ్మ నమ్మకాల్లో కడుగు నెగ్గింది. నట్టు ఓడిపోయింది, బరువు కాయని తిన్నగా చేస్తుంది గానీ పొడుగు చేయదు. ఎరువని ఆవిడ పాదులకి పోసే బొగ్గు బూడిద ఘోరంగా ఓడిపోయింది. యార్డు బూడిద పోసిన మా పట్టీ మట్టిని పరీక్షించి, విషపు లోహాలు కనపడ్డాక, ఇక్కడ ఆకుకూర వద్దు మామ్మా అని నేనే చెప్పాను. "సదివించినందుకు నా గోంగూర పీకించావు" అని తిట్టి, డబ్బాల్లోకి మార్చింది. దక్షిణాన ఉప్పునీటి పల్లెల్లో ఆడవాళ్ల సంఘాలతో ఎన్నో ఏళ్లు పనిచేశాను. ఎక్కడికి వెళ్లినా ఎరువు గురించి నోరు విప్పకముందు ఎర్ర పేలికలు పంచేదాన్ని. పొలంలో అన్నిటికంటే మంచిదేదో చూడండి, ముందు దానికి ఇది కట్టండి, తరవాత మాట్లాడుకుందాం అని.

ఇప్పుడు న్యూ టౌన్‌లో ఫోను నొక్కితే సేంద్రియ పొట్లకాయ కాగితపు సంచిలో ఇంటికొస్తుంది. మట్టి లేదు, మెలిక లేదు, చేప వాసన అసలే లేదు. సంచి మీద ఒక ముసలమ్మ బొమ్మ, పాత కాలపు రుచి అని రాత. ఆ ముసలమ్మని చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆవిడ చేతిలో విత్తనం ఉండేదా అని ఎవరూ అడగరు. నన్ను మీటింగులకి పిలిచేవాళ్లు మళ్లీ వెనకటి రోజులకి వెళ్దామంటారు. వెనకటి రోజులు నాకు తెలుసు, అక్కడ అటక మీద వేరేవాళ్లుండేవారు. నేను నేర్పింది వెనక్కి వెళ్లడం కాదు, అటకెక్కడం. ఆ మాట కోసం నన్ను రెండోసారి పిలవని సభలు ఉన్నాయి, అక్కడ భోజనాలూ బాగుండవు. పల్లెల్లో ఆడవాళ్ల పాత చీరల అంచుల్లో ఇప్పుడు ముడేసిన విత్తనాలున్నాయి. మా సంత్రాగాఛి పొట్ల కూడా వాటిలో ఉంది.

బాపీ అరలు బిగించడం అయింది. కొంచెం వంకరే. వెళ్లేముందు బాల్కనీలో డ్రమ్ముల్లోని పొట్ల పాదుని చూసి, "మాసిమా, చిచింగా! ఒకటి కోసుకోనా?" అన్నాడు. ఎర్రగుడ్డ లేనిది ఏదైనా కోసుకో అన్నాను. నట్టు తీసుకెళ్లి కొత్తగా దిగుతున్న మెలిక పిందెకి కట్టాను. అది పొడుగు చేయదని పరీక్షించి తేల్చింది నేనే. అయినా కట్టాను, తిన్నగానైనా ఉంటుంది కదా. డ్రమ్ములో మట్టి సర్ది, పంపు కింద చేతులు పెట్టాను.

నాన్న రిటైరయ్యాక ఒకసారి నా పరిశోధన క్షేత్రానికి వచ్చాడు, పాసు మీద, ఇస్త్రీ చొక్కాతో. గట్ల మీద నడిచి, పేలికలు కట్టిన వరసలన్నీ చూశాడు. "ఇదంతా ఎవరిది?" అని అడిగాడు. పరిశోధన నాదేనని చెప్పాను. సాయంత్రం పంపు దగ్గర నేను ఆయన చూస్తాడని హడావిడిగా గోళ్లు తోముకుంటుంటే, వచ్చి పంపు కట్టేశాడు.

"ఉండనీలే" అన్నాడు. "నీ మట్టే కదా."